నల్ల గోళ్లున్న కుక్కకి గోళ్లు కత్తిరించడం ఎలా?

మా ల్యాబ్రడార్‌కి గోళ్లు బాగా పెరిగాయి, నేల మీద నడుస్తుంటే టకటకమని చప్పుడొస్తోంది. తెల్ల గోళ్లయితే లోపలి రక్తనాళం గులాబీ రంగులో కనబడుతుంది, అక్కడికి ముందే ఆపేయొచ్చు. దీనివన్నీ నల్లవే. కొంచెం కొంచెంగా కత్తిరిస్తూ, కోసిన చోట మధ్యలో ముదురు చుక్క కనబడగానే ఆపాలని చదివాను. ఆ చుక్కని మీరెలా గుర్తుపడుతున్నారు?

అసలు సమస్య వేరే ఉంది. క్లిప్పర్ చూస్తే చాలు, కాలు లాగేసుకుని మంచం కిందకి దూరిపోతుంది. గట్టిగా పట్టుకుని కోయడం నాకిష్టం లేదు, పాపం వణికిపోతుంది. అరగదీసే గ్రైండర్ నయమా, లేక ఆ శబ్దానికి ఇంకా బెదురుతుందా? ముందుకాళ్లకి లోపలివైపు, కాస్త పైన ఉండే గోరు నేలకి తగలదు కాబట్టి అరగదు. అది వంకర తిరిగి చర్మంలో గుచ్చుకుంటుందేమోనని టెన్షన్‌గా ఉంది. భయపడే కుక్కకి మెల్లగా అలవాటు చేసినవాళ్లుంటే, ఎక్కడ మొదలుపెట్టారో చెప్పండి ప్లీజ్.