ఈ వారం సమస్య: "మూగ తీగ లోకమును గెలిచెను"

ఛందస్సు ఆటవెలది. సందర్భం, 1819లో రోమ్‌లో ఫ్రెంచి చిత్రకారుడు ఆంగ్ర్ పెన్సిలుతో గీసిన, ఇటలీ వయొలిన్ విద్వాంసుడు పగనీని బొమ్మ. ఇప్పుడది పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది. వయొలిన్ చంకలో, కమాను చేతిలో, వాయించడం లేదు. గీసినవాడికీ వయొలిన్ వచ్చు, కుర్రతనంలో తులూజ్ ఆర్కెస్ట్రాలో వాయించాడు. బొమ్మ చూస్తూ పూరించండి.

తెనాలి మాస్టారు

పెన్సిలు మొనతోడ పేపరుపై గీసె
నాంగ్రు కన్నులార నరసి చూసి;
చంకలోని ఫిడెలు చప్పుడే లేకున్న
మూగ తీగ లోకమును గెలిచెను.

మాస్టారూ, ఎత్తుగడ హాయిగా ఉంది. "అరసి", "చూసి" రెండూ ఒకటే. "నరసి యరసి" అంటే గణం చెడదు, ఆంగ్ర్ ఓపికా తెలుస్తుంది. ఫిడేలు ఛందస్సు కోసం "ఫిడెలు" అయింది, చెవికి గుచ్చుకుంది. "చంక వయొలినందు" అంటే సరిపోతుంది.

ఒంగోలు అక్క

పారిసు నగరాన పగనీని నిలిచెను
నాటకాల శాల నల్లకోటు
తొడిగి, దీపకాంతి తొలకాడ, జనులెల్ల
మూగ, తీగ లోకమును గెలిచెను.

అక్కా, ఏం విరిచారు! మూగతనం పోయి జనం మూగడం వచ్చింది. చదవగానే చప్పట్లు కొట్టాను. కానీ ఇది 1831 మార్చిలో పారిస్ ఆపెరాలో జరిగిన కచేరీ. అదే ఏడు డెలాక్రువా వేసిన పగనీని తైలవర్ణ చిత్రానికి అచ్చంగా సరిపోతుంది: చుట్టూ చీకటి, మెలితిరిగిన ఒళ్లు, వెలిగే ముఖం, చేతులు. మన బొమ్మ దానికి 12 ఏళ్ల ముందుది. ఇందులో దీపాలూ లేవు, జనమూ లేరు.

అక్క జవాబు: ఒంటి తీగ మీద వాయించడం ఆయనకు పేరు తెచ్చిన విద్య కదా, అందుకే స్టేజీ ఎక్కించాను.

ఒప్పుకుంటాను. అయినా ఈ బొమ్మలో నాటకమంతా కమాను లేవకముందే ఉంది. హాలు నిశ్శబ్దమయ్యే ఆ ఒక్క క్షణం పద్యంలో పడాలి.

డాలస్ తమ్ముడు

తెల్ల కాగితమ్మె తెర లేచు రంగమ్ము;
విల్లు లేవలేదు; వినెను కన్ను;
గీత గీత నడుమ గీతమ్ము పలికించి
మూగ తీగ లోకమును గెలిచెను.

తమ్ముడూ, పట్టేశావు. "వినెను కన్ను" దగ్గర చాలాసేపు ఆగిపోయాను. గీత, గీతము శ్లేష ఎవరికైనా తడుతుంది గానీ, "నడుమ" అన్న మాట దాన్ని నిలబెట్టింది. పెన్సిలు బొమ్మలో గీతకూ గీతకూ మధ్య వదిలేసిన కాగితమే కదా వెలుతురు!

మాస్టారూ, ఆ రెండు పాదాలూ సరిచేసి మళ్లీ పెట్టండి.