6 బై 12 అడుగుల కార్గో ట్రైలర్‌ని క్యాంపర్ (లోపలే పడుకుని, వండుకునే బండి) చేస్తున్నా, ఇన్సులేషన్ డౌట్

డాలస్‌లో సెకండ్‌హ్యాండ్ ట్రైలర్ తీసుకున్నా, మా ఇద్దరికీ మంచం, చిన్న వంట గట్టు చాలు. రాత్రి పడుకుంటే తెల్లారేసరికి రేకు లోపలంతా చెమట పట్టి దుప్పట్లు తడిసిపోతున్నాయి, గోడలకి ఏం వేయాలి?

> ముందు పైకప్పుకి 14 అంగుళాల వెంట్ ఫ్యాన్ పెట్టండి బ్రో, ఆ తడి మీ ఊపిరిదే, గాలి బయటికి పోకపోతే ఎంత ఫోమ్ వేసినా అంతే. గోడలకి 1 అంగుళం ఎక్స్‌పీఎస్ బోర్డు (గట్టి ఫోమ్ షీట్) వేసి సందులన్నీ స్ప్రే ఫోమ్‌తో మూసేయండి. ఫైబర్‌గ్లాస్ వద్దు, తడి పట్టేస్తుంది.

> బరువు కూడా చూస్కోండి. నేను నీళ్ల ట్యాంకు, బ్యాటరీలు వెనకపెట్టి హైవే మీద ట్రైలర్ ఊగిపోతుంటే ప్రాణం పోయినంత పనైంది. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ (ట్రైలర్‌ని బండికి తగిలించే కొక్కెం) మీద పడాలి.

థాంక్స్ అన్నా. 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్) లిథియం బ్యాటరీ మీద రైస్‌ కుక్కర్ నడుస్తుందా?

> 500 వాట్లదైతే అరగంటకి 250 వాట్ అవర్లు, మీది 12.8 వోల్టుల బ్యాటరీ అయితే అందులో దాదాపు 1280 వాట్ అవర్లు ఉంటాయి, హాయిగా వండుకోండి. గ్యాస్ స్టవ్ పెడితే మాత్రం కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి.