గూస్‌ఫుట్‌ని తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: కినోవా మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. అందులో అది ‘గూస్‌ఫుట్’ మొక్కల్లో ఒకటని ఉంది. హంసపాది అని రాస్తే సరిపోతుందా?

జవాబు: హంసపాది మాత్రం వద్దండి. ఆయుర్వేదంలో ఆ పేరు ఒక ఫెర్న్ మొక్కది, పాఠకుడు దాన్నే అనుకుంటాడు. ఇక హంసపాదు అంటే రాతలో జారిపోయిన అక్షరాన్ని ఇరికించడానికి పెట్టే గుర్తు. ‘ఆదిలోనే హంసపాదు’ అనే నానుడిలో ఉన్నది అదే. శాస్త్రనామం కెనోపోడియం కూడా గ్రీకులో పెద్దబాతు పాదమనే అర్థంలోంచే వచ్చింది, ఆకు ఆకారాన్ని చూసి పెట్టారు. కానీ మనకు పేరు అరువు తెచ్చుకోవాల్సిన అవసరమే లేదు. ఈ మొక్కల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే కెనోపోడియం ఆల్బమ్‌కి చక్రవర్తికూర అనే చక్కటి పేరుంది. పప్పుకూర అనీ అంటారు గానీ, పప్పులో వేసే ఏ ఆకుకూరకైనా ఆ మాట వాడేస్తాం కాబట్టి వ్యాసంలో తికమక అవుతుంది.

సంస్కృతంలో దీని పేరు వాస్తుకం. హిందీ బథువా దాన్నుంచి వచ్చిందే. నాకు అన్నిటికన్నా నచ్చిన పేరు ఇది. వాస్తు అంటే ఇల్లు కట్టుకునే చోటు. నత్రజని ఎక్కువగా ఉన్న నేలంటే ఈ మొక్కకు ప్రాణం, పెంటకుప్పల పక్కన, దున్నిన చేలల్లో, మనుషులు మసలే చోటల్లా మొలుస్తుంది. పేరు పెట్టినవాళ్లు మొక్కను ఎంత బాగా గమనించారో! లేత చిగురును వేలితో రాస్తే పిండిలాంటి తెల్లటి పొడి అంటుకుంటుంది. భూతద్దంలో చూస్తే అవన్నీ నీటి బుడగల్లాంటి సన్నని నూగు. ‘ఆల్బమ్’ అంటే తెల్లనిది, ఆ మాట దీన్ని చూసే పెట్టారు.

ప్రశ్న: మూలంలో ‘కలుపు’ అని కూడా ఉంది. ఆకుకూరకి ఆ మాట వాడొచ్చా?

జవాబు: వాడండి, అది నిజమే. ఒక్క మొక్క వేలకు వేలు గింజలు రాలుస్తుంది. వాటిలో రెండు రకాలుంటాయి. పల్చటి తొక్కున్న గోధుమరంగు గింజలు త్వరగా మొలుస్తాయి. మందపు తొక్కున్న నల్లవి ఏళ్ల తరబడి నేలలో నిద్రపోతాయి. అందుకే ఎంత పీకినా మళ్లీ వస్తుంది. అసలు విషయం కూడా ఆ తొక్కలోనే ఉందండి. ఆండీస్ పర్వతాల్లో కినోవాను పంటగా మలిచిన రైతుల చేతుల్లో గింజ పెద్దదైంది, తొక్క పల్చబడింది, విత్తితే అన్నీ ఒకేసారి మొలవడం మొదలైంది. ఉత్తర అమెరికా తూర్పు ప్రాంతంలో ఇదే ప్రజాతి (దగ్గరి జాతులన్నీ కలిసిన గుంపు, ఇంగ్లీషులో జీనస్) మొక్కను వేల ఏళ్ల కిందట సాగుచేశారని పురావస్తు శాస్త్రజ్ఞులు గుర్తుపట్టింది కూడా పాత గింజల తొక్క మందం కొలిచే. కాబట్టి మీ వాక్యంలో కలుపు, పంట రెండు మాటలూ ఉండనివ్వండి.

ఇంకొక్కటి. కినోవాను కినోవాగానే ఉంచండి, 2013ను ఐక్యరాజ్యసమితి కినోవా సంవత్సరంగా జరిపాక ఆ మాట అందరికీ తెలిసిపోయింది. కెనోపోడియంకి ‘జాతి’ అనకుండా ‘ప్రజాతి’ అనండి. ఇప్పటి వర్గీకరణలో ఇది తోటకూర కుటుంబంలోనే ఉంది కాబట్టి, ‘తోటకూర కుటుంబంలోని చక్రవర్తికూర ప్రజాతి’ అని రాస్తే సరిపోతుంది.