పెంకుటింటికి డాబా గోడ కలిసే చోట కారుతోంది: రేకు అతుకు ఎలా వేయించాలి?

ప్రశ్న (రాజోలు దగ్గరి పల్లె నుంచి)

మాది తూర్పు పడమరలుగా కొప్పు సాగిన పాత పెంకుటిల్లు. తాటి వాసాలు, వాటి మీద రీపర్లు, పైన బెంగుళూరు పెంకు. మా నాన్నగారి హయాంలో పడమటి పక్కన రెండంతస్తుల డాబా కట్టించి పెంకుటింటికి ఆనించారు. డాబా తూర్పు గోడ పెంకు కన్నా బాగా ఎత్తుగా పైకి పోతుంది కాబట్టి, మా ఇంటి ఉత్తరపు వాలు, దక్షిణపు వాలు రెండూ ఆ గోడను ఆనుకునే చూరు దాకా దిగుతాయి. ఆ కలిసే చోట పొడవునా కారుతోంది, ఉత్తరపు వైపు మరీ ఎక్కువ.

విచిత్రం ఏమిటంటే, జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఎంత ముసురు పట్టినా లోపల పెద్దగా తెలియదు. అక్టోబరు, నవంబరు నెలల్లో గాలివాన వచ్చిందంటే మాత్రం పడమటి గదిలో గోడ మీద పైనుంచి చారలు దిగుతాయి. గోడ పక్కనున్న వాసం చివర నల్లబడింది, గోరు గుచ్చితే పొడి రాలుతోంది. ఇప్పటికే ఒకసారి సిమెంటుతో వాలుగా పూయించాం, తర్వాత దాని మీద తారు షీటు అతికించాం, ఆ పైన ఏదో రసాయనం కూడా రాయించాం. ప్రతిసారీ మరుసటి ఏడాదికి మళ్లీ మొదటికి వస్తోంది. మేస్త్రి ఈసారి సిమెంటు మరింత మందంగా పూస్తానంటున్నాడు. మా బావమరిది గారు పెంకు మొత్తం తీయించి రేకుల కప్పు వేయించమంటున్నారు. పెంకు తీయడం నాకు ఇష్టం లేదు. ఈ అతుకును సరిగ్గా వేయించే పద్ధతి ఏమిటో అనుభవజ్ఞులు చెప్పగలరు.

జవాబు (భీమవరం నుంచి, విశ్రాంత సివిల్ ఇంజినీరు)

మీరు విచిత్రం అన్నదానిలోనే సగం సమాధానం ఉందండి. డాబా మీకు పడమట ఉంది కాబట్టి నైరుతి వాన దాని వీపు మీద పడుతుంది, అతుకు దాని చాటున ఉండిపోతుంది. ఈశాన్యపు గాలి మొదలయ్యాక వాన నేరుగా డాబా తూర్పు గోడను కొడుతుంది, అంత ఎత్తు గోడ మీద పడిన నీరంతా జారి ఆ ఒక్క గీత మీదికే చేరుతుంది. అంటే మీ అతుకు పెంకు మీద పడిన వానతో పాటు ఒక పెద్ద గోడ నీటిని కూడా మోయవలసి వస్తోంది. తుఫానుల సంగతీ ఇంతే. కేంద్రం మీకు దక్షిణంగా తీరం దాటితే గాలి తూర్పు వైపు నుంచి కొడుతుంది, ఉత్తరంగా దాటితే పడమటి వైపు నుంచి కొడుతుంది. కనుక ఒక తుఫానులో ఇల్లు పొడిగా ఉన్నంత మాత్రాన మరమ్మతు పని చేసిందని నిర్ధారణకు రాకండి, గాలి ఎటు నుంచి వీచిందో చూడండి.

ఇక సిమెంటు ఎందుకు నిలవడం లేదన్నది. మన డెల్టా నల్లమట్టి వేసవిలో ఎండి నెర్రెలు విచ్చుతుంది, కాలువలు వదిలి చేలు తడిశాక ఉబ్బుతుంది. మీ పెంకుటిల్లు, డాబా వేర్వేరు కాలాల్లో, వేర్వేరు పునాదుల మీద, వేర్వేరు బరువులతో లేచిన కట్టడాలు. అవి ఒకేలా కుంగవు, ఒకేలా లేవవు. దానికి తోడు కర్ర కప్పు తేమకు ఒకలా, ఎండకు ఒకలా కదులుతూనే ఉంటుంది, ఇటుక గోడ ఆ మేరకు కదలదు. ఈ రెంటినీ బిగుసుకుపోయే సిమెంటుతో కలిపితే వెంట్రుకంత చీలిక తప్పదు. ఆ సన్నని చీలిక వెడల్పాటి దానికన్నా చెడ్డది. అది నీటిని తనంతట తానే లోపలికి లాక్కుంటుంది, త్వరగా ఆరదు కూడా. మందం పెంచితే చీలిక ఆగదు, పెంకు మీద బరువు మాత్రం పెరుగుతుంది. తారు షీటు కూడా అటు గోడకూ ఇటు పెంకుకూ అతుక్కునే ఉంటుంది కాబట్టి, ఆ రెండూ ఎడమైనప్పుడు ఎక్కడో ఒకచోట చిరుగుతుంది లేదా ఊడుతుంది.

కాబట్టి ఇక్కడ సందును పూడ్చాలన్న ఆలోచనే వదిలేయాలి. ఇంజినీర్లు ఫ్లాషింగ్ అనే రేకు పనిలో అసలు సూత్రం ఒకటే: కప్పును అంటుకున్న రేకు ఒకటి, గోడను అంటుకున్న రేకు మరొకటి, రెండోది మొదటిదాని మీదికి దిగాలి గాని రెంటినీ కలిపి మేకు కొట్టకూడదు. అడుగు రేకు పెంకు కిందినుంచి వచ్చి, గోడ వెంట కనీసం 150 మిల్లీమీటర్లు నిలువుగా లేవాలి, కాని గోడకు బిగించకూడదు. పై రేకు గోడలో కోసిన గాడిలోంచి బయలుదేరి, అడుగు రేకు నిలువు భాగం మీదికి 75 నుంచి 100 మిల్లీమీటర్లు దిగాలి. కప్పు కుంగినా లేచినా ఒక రేకు వెనక ఇంకొకటి జారుతుంది, నీటికి దారి దొరకదు.

గాడి విషయంలో మాత్రం రాజీ పడవద్దు. చాలామంది పనివారు పూత మందం మేరకే గాడి కోసి రేకు దూరుస్తారు. గోడ పూతలో ఇంకిన నీరు ఆ రేకు వెనకగా దిగిపోతుంది, పని అంతా వృథా. పూత దాటి ఇటుకలోకి కనీసం 25 మిల్లీమీటర్ల లోతు పోవాలి. గాడిలోకి వెళ్లే రేకు అంచును లోపల కొద్దిగా పైకి మడవాలి, రేకు ముక్కలతో చీలలు కొట్టి బిగించాలి, ఆ తర్వాతే సీలెంటు, అంటే సందులు మూసే రబ్బరు లాంటి జిగురు, నింపాలి. సీలెంటు ఇక్కడ అదనపు రక్షణే, రేకును పట్టి ఉంచవలసింది ఆ చీలలు.

పని మొదలుపెట్టే ముందు ఒక పరీక్ష చేయించండి. పొడి రోజున పైపుతో నీళ్లు పెట్టండి, చూరు దగ్గర కిందినుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పైకి జరపండి, ఒక్కో చోట పది నిమిషాలైనా ఆగండి. ఇంకొకరు లోపల టార్చి లైటుతో వాసాల పక్కన నిలబడాలి. పైనుంచి మొదలుపెడితే అన్ని చోట్లా ఒకేసారి తడుస్తుంది, ఏమీ తెలియదు. లోపల చుక్క పడే చోటికి సరిగ్గా పైనే నీరు దూరుతోందని కూడా అనుకోవద్దు, అది వాసం వెంట చాలా దూరం పాకి వచ్చి ఉండవచ్చు.

జవాబు (అంబాజీపేట వైపు నుంచి, పెంకు పనులు చేయించేవాడిని)

ఇంజినీరు గారు చెప్పిన సూత్రం సరైనదే. కాని బెంగుళూరు పెంకు మీద అడుగు రేకును మామూలు కోణంలా ఒక మడత వేసి పరిస్తే సరిపోదు, ఎందుకంటే ఈ పెంకు చదునుగా ఉండదు, గాళ్లు, గట్లు ఉంటాయి. గోడ పక్క వరుస పెంకులు చూరు నుంచి కొప్పు దాకా ఎత్తించి, గోడ వెంబడి ఒక పలక కొట్టించి, దాని మీద రేకుతో పక్క కాలువ వేయాలి. పెంకు కిందికి పోయే రేకు కనీసం 200 మిల్లీమీటర్లు ఉండాలి, దాని లోపలి అంచును ఒక అంగుళం మేర పైకి మడవాలి. పెంకు కింద దాక్కుని ఉండే ఆ చిన్న మడత నీటిని లోపలి రీపర్ల మీదికి దాటనివ్వదు. చాలామంది రేకు కలిసి వస్తుందని ఈ మడత మానేస్తారు. గాలివానలో నీరు కాలువలో పక్కకు ఎగిసిపడుతుంది, అప్పుడు మడత లేని లోటు తెలుస్తుంది.

రేకు ముక్కలను చూరు దగ్గర మొదలుపెట్టి పైకి పరుచుకుంటూ పోవాలి, పై ముక్క కింది ముక్క మీదికి 150 మిల్లీమీటర్లు రావాలి. మేకులు రేకు అంచుకు అవతల, పెంకు కప్పే చోటే పడాలి, నీరు పారే చోట ఒక్క మేకు కూడా ఉండకూడదు. గోడ పక్క పెంకును కోసేటప్పుడు గోడకు తగిలించకుండా నాలుగు వేళ్ల వెడల్పున కాలువ తెరిచి ఉంచండి. అక్కడ సందు బాగోలేదని సిమెంటు పెట్టి పూడ్చమనే ఇంటివారు ఉంటారు. పూడిస్తే అది కాలువ కాదు, గట్టు.

మన సీమలో కాలువకు అసలు శత్రువు కొబ్బరి చెట్టు. రాలిన పూత, ఈనెలు, పిందెలు కాలువలో పేరుకుంటాయి, ఉడుతలు కొప్పు పెంకు కింద పీచు దూర్చి గూళ్లు కడతాయి, అక్కడ ఆగిన నీరు మడత దాటి లోపలికి దిగుతుంది. దసరా లోపల ఒకసారి, తుఫాను తర్వాత ఇంకోసారి చీపురుతో లాగించండి. ఇంటి మీదికి వాలిన చెట్టు ఏదైనా ఉంటే ముందే గెలలు దింపించండి, ఒక్క కాయ చాలు మూడు పెంకులు పగలడానికి.

మీ వాసం గోరుకే పొడి రాలుతోందంటే రేకు వేసే ముందే దాన్ని చూడాలి. చివర మాత్రమే పుచ్చితే కోసి పక్కన కొత్త ముక్క జత చేసి బోల్టులు వేయవచ్చు. నానిన కర్ర మీద రేకు కప్పితే లోపల పుచ్చు ఆగదు, అందుకని పెంకు ఎత్తాక నాలుగు రోజులు ఎండనివ్వండి. పాచి పట్టిన పెంకు మీద ఎవరినీ నేరుగా నడవనివ్వవద్దు, నిచ్చెన పడుకోబెట్టి దాని మీదినుంచి పని చేయించండి. కరెంటు సర్వీసు వైరు ఆ పక్కనుంచే పోతుంటే సరఫరా ఆపించాకే రేకులు పైకి ఎక్కించండి.

పెంకు తీసి రేకుల కప్పు వేయించినా డాబా గోడ దగ్గర ఇదే అతుకు మళ్లీ వేయక తప్పదని మీ బావమరిది గారికి చెప్పండి.

జవాబు (అంతర్వేది సమీపం నుంచి)

ఏ రేకు వాడాలన్నది ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. సముద్రం దగ్గర ఉప్పుగాలికి బజారులో దొరికే పలచటి జింకు రేకు తొందరగా తుప్పు పడుతుంది. జింకు పూసిన ఉక్కు రేకే కావాలంటే చదరపు మీటరుకు 275 గ్రాముల పూత ఉన్నది, కనీసం అర మిల్లీమీటరు మందం ఉన్నది అడిగి తీసుకోండి. కోసిన అంచుల్లో ఉక్కు బయటపడుతుంది, అక్కడ జింకు పెయింటు వేయించండి. మీ ఊరు సముద్రానికి మరీ ఆనుకుని లేదు కనుక ఇది సరిపోవచ్చు. మా తీరాన మాత్రం నేను 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలే వేయించమంటాను, ఖరీదు ఎక్కువైనా.

అల్యూమినియం ఉప్పుగాలికి బాగానే ఆగుతుంది, వంచడం సులువు. కాని తడి సిమెంటు, సున్నం దాన్ని తినేస్తాయి. గాడిలో సిమెంటు పెట్టేటట్లయితే రేకుకు ముందుగా తారు పెయింటు పూయాలి. ఇంకో సంగతి, ఎండకు అది ఉక్కు కన్నా దాదాపు రెండింతలు సాగుతుంది. 3 మీటర్ల ముక్క 40 డిగ్రీల తేడాకు దాదాపు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది, అందుకే పొడవాటి ముక్కలు వేసి రెండు చివరలా బిగిస్తే మధ్యలో ఉబ్బుతుంది. రాగి తీగనో, రాగి గొట్టాన్నో తాకిన నీరు జింకు రేకు మీద పడకుండా చూసుకోండి, రేకు త్వరగా పాడవుతుంది.

సీలెంటు కొనేటప్పుడు మూత తీసి వాసన చూడండి. వెనిగరు వాసన కొట్టే సిలికాన్ అద్దాల పనికి మంచిదే గాని, జింకును తింటుంది, సిమెంటుకు సరిగ్గా అంటదు. పాలీయురేథేన్ రకం గాని, న్యూట్రల్ సిలికాన్ గాని అడగండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. పైపుతో పరీక్ష చేయించాం. పెంకు మీద ఎంతసేపు పెట్టినా లోపల చుక్క రాలేదు. అతుకుకు మూరెడు పైన గోడ మీద పెట్టగానే కొద్దిసేపట్లో లోపలి గోడ చెమర్చింది. ఆ పైన మేడ గది కిటికీ కింద గోడను తట్టి చూస్తే చాలా మేర డొల్ల శబ్దం వచ్చింది. ఇప్పుడు రేకు పని చేయించాలా, గోడ పూత మార్చాలా?

జవాబు (భీమవరం)

రెండూ చేయించాలి, ముందు గోడ. డొల్లగా ఉన్న పూత అంతా ఇటుక కనిపించేదాకా కొట్టించండి, అప్పుడే గాడి కూడా కోయించండి, ఇటుక వరుసలు కనబడతాయి కాబట్టి పని శుభ్రంగా వస్తుంది. పై రేకు గాడిలో కూర్చున్నాక కొత్త పూత వేయించి, ఆ పూత అడుగును రేకుకు పైనే ఆపండి, రేకు మీదుగా కిందికి లాగి అందంగా కలిపేయవద్దు. కిటికీ కింద పలకకు బయటికి వాలు ఉందో లేదో, దాని అడుగున నీరు గోడ వైపు పాకకుండా చుక్కగా రాలేందుకు సన్నని గాడి ఉందో లేదో చూడండి. ఆ గాడి లేని పలక నీటిని నేరుగా గోడలోకి అప్పగిస్తుంది. డాబా పిట్టగోడ పైభాగం కూడా డాబా లోపలి వైపుకు వాలేట్టు చేయించండి, అప్పుడు ఆ నీరు తూము గుండా పోతుంది.

చివరగా చూరు దగ్గర. పక్క కాలువలో దిగిన నీరంతా అక్కడ ఒకే చోట పడుతుంది. అడుగు రేకు చివరను చూరు దాటించి, గోడకు దూరంగా బయటికి ఒక మడత తిప్పించండి, లేకపోతే ఆ నీరు డాబా గోడ వెంటే కిందికి జారి పునాది దగ్గర ఇంకుతుంది. ఆ మడత కింద ఒక తొట్టి గాని, కాలువకు దారి గాని ఏర్పాటు చేయండి. పని అంతా వేసవిలోనే ముగించండి, పూత ఆరడానికి సమయం ఉంటుంది, కాలువలు వదిలేలోపు నేల కూడా కదలకుండా ఉంటుంది.