సామాన్ల ట్రైలర్ మీద తెరచాప పడవ వేసుకెళ్లొచ్చా?

కొత్తగాలి:
నా లేజర్ పడవ పొడవు 4.2 మీటర్లు, ఒట్టి పడవ బరువు 59 కిలోలు. ఇంట్లో సామాన్లు మోసే ట్రైలర్ ఊరికే పడి ఉంది. దానికే రెండు అడ్డ చెక్కలు బిగించి పడవ వేసుకెళ్దామని ఉంది. ఇంత తేలిక పడవకి వేరే బోట్ ట్రైలర్ కొనడం దండగ కాదా?

లంగరు:
దండగ కాదండి. సామాన్ల ట్రైలర్ కమాను కట్టలు వందల కిలోలు మోయడానికి పెట్టినవి, 59 కిలోలకి అసలు వంగవు, దాంతో ప్రతి గుంత దెబ్బా నేరుగా పడవ అడుగుకే తగులుతుంది. పైగా దాని బల్ల ఎత్తు ఎక్కువ, పడవ తేలాలంటే చక్రాలు బాగా మునిగేదాకా దింపాలి. దారిలో వేడెక్కిన హబ్ (బేరింగ్ ఉండే చక్రం నడిమి భాగం) చన్నీళ్లలో మునిగితే లోపలి గాలి కుంచించుకుని నీళ్లు పీల్చుకుంటుంది, ఇక బేరింగ్‌కి తుప్పే.

చుక్కాని:
లంగరు గారు చెప్పినవి నిజమే, కానీ నీళ్లలోకి ట్రైలర్‌ని దింపమన్నదెవరు? చేత్తో తోసే రెండు చక్రాల బండి మీదే పడవ ఉంచి, బండితో సహా ట్రైలర్ ఎక్కించి కట్టేయండి, ఒడ్డున ఆ బండిని మాత్రమే దింపుకోండి. నేను మూడేళ్లుగా ఇలాగే తిప్పుతున్నాను. నాకు భయమంతా ఆ అడ్డ చెక్కలతోనే. మొదటిసారి నేనూ అవే పెట్టి, పడవ కదలకూడదని రాచెట్ బెల్టు (మీటతో బిగించేది) బలంగా బిగించాను. దింపి తిరగేస్తే చెక్క అంచు ఆనిన చోట ఫైబర్ మీద సాలెగూడులా సన్నటి పగుళ్లు, వేలితో నొక్కితే లోపలికి దిగుతోంది, ఆ రోజు నాకు ఏడుపొచ్చింది. ఈ పడవకి బలం పక్క అంచుల్లో ఉంటుంది, బరువు అక్కడ ఆననివ్వండి, లేదా అడుగున వెడల్పాటి పట్టీ ఉయ్యాలలా వేయండి. బెల్టు చేత్తో లాగినంత బిగువు చాలు. బరువంతా వెనక్కి పోతే ట్రైలర్ రోడ్డు మీద తోక ఊపుతుంది, ట్రైలర్, పడవ కలిపిన బరువులో సుమారు పదో వంతు హిచ్ మీద, అంటే ట్రైలర్‌ని కారుకి తగిలించే చోట, పడాలి. అడుగున బరువైన కీల్ (కిందికి దిగి ఉండే నిలువు రెక్క) ఉన్న పడవైతే మాత్రం నేనూ లంగరు గారి వైపే, దాని బరువు కీల్ మీదే నిలబడాలి, అది సామాన్ల ట్రైలర్ పని కాదు.

కొత్తగాలి:
అడ్డ చెక్కలు మానేశాను. హిచ్ బరువు ఇంట్లో మనుషులు తూగే కాటాతో చూడొచ్చా?

లంగరు:
చూడొచ్చు, ట్రైలర్ మట్టంగా ఉంచి, చక్రాలకు అడ్డు పెట్టి తూచండి. ఆ కమాను కట్టల సంగతిలో మాత్రం నా మాట మారదు.