కొలంబో ‘నెగటివ్ రియాక్షన్’ ముగింపు: ఆ కెమెరా కోర్టులో నిలబడుతుందా?

పాతరీలు:
అమెరికన్ టీవీ డిటెక్టివ్ సీరియల్ ‘కొలంబో’లోని ఈ ఎపిసోడ్ చూడనివాళ్లు ఇక్కడే ఆగండి, ముగింపంతా విప్పేస్తున్నాను. 1974 అక్టోబరు 6న ఎన్‌బీసీలో వచ్చింది. రచన పీటర్ ఎస్. ఫిషర్, దర్శకత్వం ఆల్ఫ్ షెలిన్. పేరున్న ఫోటోగ్రాఫర్ పాల్ గలెస్కో (డిక్ వాన్ డైక్) భార్యను పాడుబడ్డ ఇంట్లో కుర్చీకి కట్టేస్తాడు. వెనక గడియారాన్ని రెండు గంటలకు తిప్పి ఇన్‌స్టంట్ కెమెరాతో ఫోటో తీసి, ఆమెను చంపేస్తాడు. రెండింటికి తను వేరేచోట ఉన్నట్టు చూపించుకోవాలని ఈ ఏర్పాటు. భార్యను ఎవరో కిడ్నాప్ చేసినట్టు ఆ ఫోటోతో బెదిరింపు ఉత్తరం సృష్టించి, నేరాన్ని జైలు నుంచి బయటికొచ్చిన డెష్లర్ అనేవాడి మీద పెడతాడు. కెమెరా కొనిపించింది కూడా అతనితోనే. ఆ తర్వాత అతన్నీ కాల్చేసి, ఆత్మరక్షణ కోసమే అంటాడు.

చివర్లో పోలీసు లెఫ్టినెంట్ కొలంబో ఆ ఫోటోను పెద్దది చేయించి చూపిస్తాడు. అందులో గడియారం పది చూపిస్తుంది. ఒరిజినల్ పొరపాటున పాడైపోయిందంటాడు. బొమ్మను అద్దంలోలా తిరగేశారని గలెస్కో అరుస్తాడు. రుజువు చేస్తానంటూ షెల్ఫు మీద వరసగా పెట్టిన కెమెరాల్లోంచి ఒకటి తీసి, నెగటివ్ దీని వెనక భాగంలోనే ఉందంటాడు. హత్యకు వాడిన కెమెరా అదే. దాన్ని అతను ఎప్పుడూ చూసి ఉండకూడదు!

నా మాట సూటిగా చెబుతున్నా: ఇది నిలబడదు. పోలీసే అబద్ధమాడి, పోలీసే తప్పుడు ఫోటో తయారుచేసి మనిషిని ఉచ్చులోకి లాగితే, ఆ సాక్ష్యానికి విలువేముంది?

సెక్షన్8:
పాతరీలు గారూ, రెండు వేర్వేరు విషయాలను మీరు ఒకే గాట కడుతున్నారు. నేరం చేసే ఉద్దేశం లేనివాడిని రెచ్చగొట్టి నేరం చేయిస్తే దాన్ని ఉచ్చు అనాలి. ఇక్కడ రెండు హత్యలూ ముందే అయిపోయాయి. పోలీసు అబద్ధమాడాడన్న ఒక్క కారణంతో సాక్ష్యం కొట్టుకుపోదని అమెరికా సుప్రీంకోర్టు 1969లోనే, ఫ్రేజియర్ వర్సెస్ కప్ కేసులో చెప్పింది. అందులో నిందితుడికి ‘నీ కజిన్ ఒప్పేసుకున్నాడు’ అని అబద్ధం చెప్పారు. అయినా అతని ఒప్పుకోలు చెల్లింది.

తప్పుడు ఫోటో తయారు చేయడం గురించి మీరన్నదానికి మాత్రం బలముంది. నోటితో ఆడే అబద్ధం వేరు, దొంగ కాగితం సృష్టించడం వేరు అని ఫ్లోరిడా అప్పీలు కోర్టు కేవార్డ్ కేసులో తేల్చింది. కానీ అది 1989 నాటిది, పైగా కాలిఫోర్నియాది కాదు. 1974 లాస్ ఏంజెలిస్ కథను దాంతో కొలవలేం.

డిఫెన్సు లాయరు పట్టుకోవలసింది మిరాండా తీర్పు (1966): కస్టడీలో ఉన్నవాడిని ప్రశ్నించే ముందు, మౌనంగా ఉండే హక్కు ఉందని పోలీసులు హెచ్చరించాలి. గలెస్కో ఆ గదిలోంచి లేచి వెళ్లిపోయే స్వేచ్ఛ ఉన్న మనిషా, కాదా? కస్టడీలో ఉన్నట్టే లెక్కయితే హెచ్చరిక ఇవ్వకుండా రాబట్టిన మాటలు పోతాయి. కెమెరా తీసి చూపించడం కూడా ‘ఇది నాకు తెలుసు’ అని చెప్పడమేనని వాదించవచ్చు.

మన దగ్గరైతే పోలీసు ముందు ఒప్పుకోలు చెల్లదు. చేసిన పని సంగతి వేరు. పాత సాక్ష్య చట్టం 8వ సెక్షన్ కింద, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియం 6వ సెక్షన్ కింద, నిందితుడి ప్రవర్తన పరిగణనకు వస్తుంది. ప్రకాశ్ చంద్ కేసులో (1979) సుప్రీంకోర్టు ఆ తేడాను చక్కగా విడదీసింది. అక్కడున్న పోలీసులను కొలంబో ఒక్కొక్కరినే ‘నువ్వు చూశావా?’ అని ఎందుకు అడుగుతాడో ఇప్పుడు గమనించండి. అతనికి కావలసింది గలెస్కో అన్న మాట కాదు, చేసిన పని.

చీకటిగది:
చట్టం సంగతి మీరు చూసుకోండి. అసలు నెగటివ్ కెమెరాలో ఉంటుందా అన్నది ముందు తేలాలి, ఎందుకంటే పోలరాయిడ్ కంపెనీ ఇన్‌స్టంట్ కెమెరాలన్నీ ఒకలా పనిచేయవు.

1963లో వచ్చిన ప్యాక్ ఫిల్మ్ అయితే ఉండదు. ముందు తెల్ల ట్యాబ్, తర్వాత పసుపు ట్యాబ్ లాగాలి. నెగటివ్, ప్రింటు రెండూ రోలర్ల మధ్య నలిగి జంటగా బయటికొస్తాయి. వేగమైన నలుపు తెలుపు ఫిల్మ్‌కు పదిహేను సెకన్లు ఆగి విడదీస్తే నెగటివ్ చేతిలోకి వస్తుంది, అక్కడే పారేస్తారు. 1972 నాటి ఎస్‌ఎక్స్-70 కెమెరాలో అసలు విడిగా నెగటివే లేదు.

1948లో మొదలైన పాత రోల్ ఫిల్మ్ కెమెరాల తీరు వేరు. ట్యాబ్ లాగాక డెవలప్ అయ్యేది కెమెరా లోపలే. వెనక మూత తెరిచి ప్రింటును మాత్రమే ఒలిచి తీస్తాం. నెగటివ్ లోపలే ఉండిపోయి, తర్వాతి ఫోటో కోసం ట్యాబ్ లాగినప్పుడు బయటికొస్తుంది. అంటే చివరి ఫోటో నెగటివ్ ఎప్పుడూ లోపలే మిగులుతుంది.

ఇప్పుడు కథకు రండి. గలెస్కో మొదటి ఫోటో నచ్చక పారేసి రెండోది తీస్తాడు. బెదిరింపు ఉత్తరంతో వెళ్లింది ఆ రెండోదే. కాబట్టి రోల్ ఫిల్మ్ అనుకుంటే గలెస్కో మాట అక్షరాలా నిజం. ప్యాక్ ఫిల్మ్ అనుకుంటే ముగింపే కూలిపోతుంది.

పాతరీలు:
ఇది బాగా చెప్పారు. కానీ నా అసలు అభ్యంతరానికి మీరే బలమిచ్చారు. ఆ ఫోటో ఏ రకం కెమెరాతో తీసిందో ప్రింటు అంచులు, కాగితం చూసి ఫోటోగ్రాఫర్ పసిగట్టగలడు. షెల్ఫు మీద ఆ రకం ఒక్కటే ఉంటే ఎవరైనా దాన్నే తీస్తారు. అది హంతకుడికే తెలిసిన రహస్యం కాదు, వృత్తి జ్ఞానం. నేనే డిఫెన్సు అయితే మొదటి ప్రశ్న ఇదే: ‘లెఫ్టినెంట్, ఆ షెల్ఫులో రోల్ ఫిల్మ్ పోలరాయిడ్‌లు ఎన్ని?’

ముల్లు_రెండు:
గడియారం గురించి ఒక మాట. బొమ్మ తిరగేస్తే కనిపించే సమయం కావాలంటే పన్నెండులోంచి అసలు సమయం తీసెయ్యాలి. 2:00 కాస్తా 10:00 అవుతుంది. 2:20 అయి ఉంటే 9:40. గలెస్కో ఆరుకో పన్నెండుకో పెట్టి ఉంటే తిరగేసినా అదే సమయం, కొలంబో పథకమే లేదు. అంకెలున్న డయల్ అయితే అద్దంలో అక్షరాల్లా తిరగబడి అప్పుడే దొరికిపోతుంది.

నన్ను ఇబ్బంది పెట్టేది వేరే. ఆ ఇల్లు అక్కడే ఉంది కదా! ఫోటోలో గడియారానికి కుడిపక్క ఏముందో, ఎడమపక్క ఏముందో వెళ్లి పోల్చి చూస్తే బొమ్మ తిరగేశారని ఐదు నిమిషాల్లో తేలుతుంది. గలెస్కో ఆ మాటొక్కటి అని కుర్చీలో కూర్చుంటే చాలు. నెగటివ్ కోసం ఎగబడడం రాతలో ఉన్న లోపం కాదు, ఆ పాత్ర బలహీనతే. అతని లోకమంతా ఫోటోలే, రుజువు కూడా అక్కడే వెతికాడు. డిక్ వాన్ డైక్ ఆ ఒక్క క్షణాన్ని ఎంత నమ్మకంగా పలికించాడో మళ్లీ చూడండి.

సెక్షన్8:
షెల్ఫు ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటున్నాను. గుర్తింపు పరేడ్‌లో నిందితుడి పోలికలున్నవాళ్లను పక్కన నిలబెడతారు. కెమెరాలకూ అదే న్యాయం. అదే రకానివి కనీసం ఐదారు ఉండాలి, వాటికి పోలీసులు కట్టిన చీటీలు తీసేయాలి, అసలుది ముందు వరసలో పెట్టకూడదు. అవన్నీ పాటించినట్టు పోలీసులు చూపిస్తే గలెస్కో గతి అంతే. లేదంటే కేసు మిగతా ఆధారాల మీద నడవాలి. ఆ పాడుబడ్డ ఇంట్లో పొయ్యి దగ్గర దొరికిన మొదటి ఫోటో ఉంది. కూర్పు బాగోలేదని ఫోటో పారేసే కిడ్నాపరు ఎవడుంటాడు? డెష్లర్‌ను కాల్చిన చెత్త కార్ల యార్డు దగ్గరున్న తాగుబోతు సాక్షి తుపాకీ మోతల మధ్య విరామం ఉందన్నాడు. ఇవి అనుమానాన్ని గట్టి చేస్తాయి గానీ ఒంటరిగా శిక్ష వేయించలేవు.

చీకటిగది:
తిరగేయడం ఎంత సులువో కూడా చెప్పాలి. ఆ ప్రింటును పెద్దది చేయాలంటే ముందు కాపీ స్టాండు మీద పెట్టి, రెండు పక్కలా నలభై ఐదు డిగ్రీల్లో దీపాలు పెట్టి, మామూలు ఫిల్మ్ మీద మళ్లీ ఫోటో తీయాలి. ఆ కాపీ నెగటివ్‌ను ఎన్‌లార్జర్‌లో (బొమ్మను పెద్దది చేసే యంత్రంలో) మసక వైపు కిందికి పెట్టాలి. మెరిసే వైపు కిందికి పెడితే బొమ్మ తిరగబడుతుంది. కొత్తగా చేరినవాళ్లు తరచూ చేసే తప్పే ఇది. అందుకే ‘పొరపాటున’ అన్న కొలంబో మాట నమ్మేలా ఉంటుంది.

ఇంకొకటి, దీన్ని ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. పోలరాయిడ్ కాగితపు నెగటివ్‌కు వెనక నల్లపూత ఉంటుంది, బొమ్మ ఉన్న వైపు నుంచే చూడాలి. ఆ వైపు బొమ్మ అద్దంలోలా తిరగబడే ఉంటుంది. ప్రింటుకు ముఖాముఖి అంటుకుని విడిపోయాకే సరైన బొమ్మ వస్తుంది. అంటే గలెస్కో ఆ నెగటివ్‌ను జ్యూరీ చేతికిచ్చి ఉంటే, దాని మీద కూడా గడియారం పదే చూపించేది.