లెక్కలో 395, ఉప్పునేల మీద 349: స్టాక్ కారు వేగం ఎక్కడ తగ్గుతోంది?

చివరి_బెంచీ:
అందరికీ నమస్కారం. సాయంత్రం నుంచి ఒకే లెక్క ముందు కూర్చున్నాను, బుర్ర వేడెక్కిపోయింది, దయచేసి ఎవరైనా దారి చూపించండి. స్టాక్ కార్ల (మామూలు అమ్మకపు కార్ల ఆకారంలో ఉండే పందెపు కార్ల) పందేలలో వాడే సాంకేతికతకూ, నేల మీద వేగపు రికార్డుల కోసం నడిపే కార్ల సాంకేతికతకూ ఉన్న తేడా మా ప్రాజెక్టు విషయం. రెండింటినీ కలిపే ఉదాహరణ ఒకటి దొరికింది కదా అని డ్రైవరు బాబీ ఐజాక్ కారును తీసుకున్నాను. అమెరికాలో స్టాక్ కార్ల పందేలు నిర్వహించే నాస్కార్ సంస్థ పోటీలలో నడిచిన 71వ నంబరు డాడ్జ్ చార్జర్ డేటోనాను 1971 సెప్టెంబరులో యూటా రాష్ట్రంలోని బానవిల్ ఉప్పునేలకు తీసుకువెళ్లి 28 రికార్డులు నెలకొల్పారు. అందులో ఫ్లయింగ్ మైలు (ముందే వేగం అందుకున్న కారుకు ఒక మైలు దూరం మీద తీసిన సగటు) వేగం గంటకు 216.945 మైళ్లు, అంటే సుమారు 349 కిలోమీటర్లు. అలాంటి కారుకే ఇంజన్ శక్తి, గాలి నిరోధం నుంచి గరిష్ఠ వేగం తీసే సూత్రం స్ప్రెడ్‌షీట్‌లో వేసి చూస్తే నాకు 395 వస్తోంది. సూత్రం పాఠ్యపుస్తకంలో ఉన్నదే, అందులో తప్పేమీ కనిపించడం లేదు. సోమవారం గైడు గారికి చూపించాలి. ఈ 46 కిలోమీటర్లు ఎక్కడికి పోయినట్లు?

కొలతల_పెట్టె:
ఇంజన్ శక్తి ఎంత వేశారు? గాలి సాంద్రత ఎంత వేశారు? అవి చెప్పకుండా తప్పు ఎక్కడుందో ఎవరూ చెప్పలేరు.

షార్లట్_వాసి:
తమ్ముడూ, ప్రశ్న బాగుంది కానీ ఎత్తుగడే సరిగా లేదని నాకు అనిపిస్తోంది. నాస్కార్ పెద్ద జట్లలో చాలా వాటి వర్క్‌షాపులు మేముండే షార్లట్ చుట్టుపక్కలే ఉన్నాయి కాబట్టి చొరవ తీసుకుని చెబుతున్నాను. స్టాక్ కార్ల చరిత్రలో సగం వేగాన్ని పెంచడానికి సరిపోతే, మిగిలిన సగం దాన్ని అదుపులో పెట్టడానికే సరిపోయింది. 1987లో అలబామా రాష్ట్రంలోని టాలడేగా ట్రాకులో బిల్ ఎలియట్ అర్హత పోటీలో గంటకు 212.809 మైళ్ల సగటుతో చుట్టు పూర్తి చేశాడు, ఆ వారపు పందెంలోనే బాబీ అలిసన్ కారు టైరు పేలి, వెనుక భాగం గాలిలోకి లేచి ప్రేక్షకుల ముందున్న కంచెను చీల్చింది. ఆ మరుసటి సంవత్సరం నుంచి డేటోనా, టాలడేగా ట్రాకులలో కార్బ్యురేటర్ కింద చిల్లుల పలక బిగించి ఇంజన్‌కు వెళ్లే గాలినే తగ్గించేశారు. కారు అడ్డం తిరిగినప్పుడు పైకి లేవకుండా, వాటంతట అవే తెరుచుకునే పైకప్పు రెక్కలు 1994లో వచ్చాయి. 2001 డేటోనా 500 పందెంలో డేల్ ఎర్న్‌హార్ట్ మరణించిన తరువాత అదే సంవత్సరం మెడను కాపాడే పట్టీని తప్పనిసరి చేశారు. ఇక 2022లో వచ్చిన కొత్త తరం కారులో వెనుక చక్రాలకు విడివిడి సస్పెన్షన్, వెనుక యాక్సిల్ దగ్గరే అమర్చిన అయిదు గేర్ల పెట్టె, ఒకే నట్టుతో బిగించే 18 అంగుళాల అల్యూమినియం చక్రాలు, గాలి సాఫీగా జారిపోయేలా చదునుగా చేసిన అడుగు భాగం ఉన్నాయి. చాలా ట్రాకులలో 670 హార్స్‌పవర్, ఆ రెండు పెద్ద ట్రాకులలో 510 మాత్రమే అనుమతించారు. మీ ప్రాజెక్టు వీటి గురించి ఉండాలి, ఒక్క అంకె గురించి కాదు.

చివరి_బెంచీ:
షార్లట్ అన్నా, ఇవన్నీ విలువైన విషయాలే, ప్రాజెక్టులో రాసుకుంటాను, కానీ నేను అడిగిన దానికి ఇందులో సమాధానం లేదు. కొలతల పెట్టె గారూ, శక్తి 670 హార్స్‌పవర్, అంటే 500 కిలోవాట్లు. బానవిల్ సముద్రమట్టానికి దాదాపు 1,280 మీటర్ల ఎత్తులో ఉంది, పైగా ఎండ, కాబట్టి సాంద్రత ఘనపు మీటరుకు 0.98 కిలోలు వేశాను. గాలి నిరోధక గుణకం 0.35, ముందు భాగపు వైశాల్యం 2.2 చదరపు మీటర్లు అనుకున్నాను. ఇవి అందరూ వేసుకునేవే కదా అని మొదట రాయలేదు.

కొలతల_పెట్టె:
సాంద్రత తగ్గించారు, శక్తి తగ్గించలేదు. గాలి పలచబడితే కారుకు ఎదురయ్యే నిరోధం తగ్గినట్టే, గాలిని ఒత్తి లోపలికి నెట్టే టర్బో గానీ సూపర్‌చార్జర్ గానీ లేని ఇంజన్ పీల్చుకునే గాలి కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుంది. 500లో 80 శాతం వేయండి. తరువాత గేర్ల పెట్టెలోనూ యాక్సిల్‌లోనూ పోయే 10 శాతం తీసేయండి. పైగా మీరు వేసిన 670 ఐజాక్ ఇంజన్‌ది కాదు, 2022 నాటి ఇంజన్‌ది. ఆయనది 426 ఘనపు అంగుళాల హెమీ అనే క్రైస్లర్ ఇంజన్.

పాత_గ్యారేజీ:
అందరూ ఇంజన్ చుట్టూ తిరుగుతున్నారు, టైరు గురించి ఒక్కరూ ఎత్తడం లేదు. నా దృష్టిలో ఈ రెండు పందేలకూ అసలు తేడా టైరు నేలను తాకే ఆ నాలుగు చోట్లే ఉంది. స్టాక్ కారు తారు మీద, టాలడేగాలో అయితే 33 డిగ్రీల వాలు మీద, ఎప్పుడూ ఎడమకే తిరుగుతూ పోతుంది కాబట్టి కుడి వైపు టైర్లు ఎక్కువ భారం మోస్తాయి, పట్టు కోసం మెత్తని రబ్బరు కావాలి, అది అరిగిపోతే ట్రాకు పక్కన కార్లు ఆగే పిట్‌లో మారుస్తారు. ఉప్పునేల మీద మలుపు లేదు, పట్టు కూడా అంతగా లేదు. ఆ ఉప్పు పైకి గచ్చులా గట్టిగా కనిపిస్తుంది కానీ కింద తేమ మట్టి ఉంటుంది, పరుగు అయ్యాక చక్రాల గూళ్లలో తడి ఉప్పు ముద్దలు ముద్దలుగా అతుక్కుని ఉంటుంది. ఆ వేగంలో చక్రం బయటికి లాగే బలానికి మందపాటి రబ్బరు ఊడిపోతుంది కాబట్టి అక్కడి టైర్లకు నేలను తాకే పొర పలచగా ఉంటుంది. ఇంకా పైకి వెళితే రబ్బరే పనికిరాదు. 1997 అక్టోబరు 15న నెవాడాలోని బ్లాక్ రాక్ ఎడారిలో ఆండీ గ్రీన్ గంటకు 763.035 మైళ్లతో ధ్వని వేగాన్ని దాటిన థ్రస్ట్ ఎస్ఎస్‌సీ కారుకు ఉన్నవి గట్టి అల్యూమినియం చక్రాలు, టైర్లు కావు.

ఇప్పుడు మీ లెక్కకే వస్తాను. 349 వేగం దగ్గర గాలిని చీల్చడానికి, ఉప్పు మీద దొర్లడానికి కలిపి సుమారు 4,000 న్యూటన్ల తోపు కావాలి. 1,600 కిలోల కారులో సగం బరువు వెనుక చక్రాల మీద ఉందనుకుంటే అది సుమారు 8,000 న్యూటన్లు. అంటే బరువులో సగానికి సమానమైన తోపు ఆ రెండు చక్రాలే ఇవ్వాలి, ఉప్పు మీద అది చాలా పెద్ద కోరిక. అందుకే అక్కడ చక్రం తిరిగే వేగం కారు కదిలే వేగం కంటే ఎప్పుడూ కొంత ఎక్కువే ఉంటుంది, ఆ తేడా అంతా వృథా శక్తి. స్టాక్ కారును తేలిక చేయడానికి చచ్చీచెడీ పనిచేసే వాళ్లు బానవిల్‌లో వెనుక భాగంలో సీసపు దిమ్మలు పెట్టే మనుషులను చూస్తే ఆశ్చర్యపోతారు.

ఉప్పు_దారి:
పాత గ్యారేజీ గారు చెప్పింది నిజమే, కానీ ఐజాక్ కారు వెనుక ఎత్తుగా నిలబెట్టిన ఆ రెక్క ఉన్నదే చక్రాలను నేలకు అదమడానికి. అసలు ఆ కారు బానవిల్‌కు ఎందుకు వెళ్లిందో కూడా తెలుసుకోవాలి. 1971లో రెక్కల కార్లకు నాస్కార్ 305 ఘనపు అంగుళాల ఇంజన్ పరిమితి పెట్టడంతో ఆ పోటీలలో వాటికి చోటు లేకుండా పోయింది, పెద్ద ఇంజన్‌తో వాటి సత్తా చూపించుకోవడానికి అప్పుడు ఉప్పునేల ఒక్కటే మిగిలింది.

షార్లట్_వాసి:
సత్తా గురించి మాట్లాడేటప్పుడు 2004ను కూడా గుర్తుపెట్టుకోండి. గాలిని తగ్గించే ఆ పలక తీసేసిన కారుతో రస్టీ వాలెస్ టాలడేగాలో గంటకు 228 మైళ్లు అందుకున్నాడు, అంటే 367 కిలోమీటర్లు. ఐజాక్ రికార్డు కంటే అది ఎక్కువే కదా. తారు ముందు ఉప్పు నిలవదు.

ఉప్పు_దారి:
అది రికార్డు కాదండీ, పరీక్షలో తిన్నని దారి చివర ఒక్క క్షణం కనిపించిన గరిష్ఠ వేగం. ఆ చుట్టు సగటు సుమారు 221 మైళ్లు. ఐజాక్‌ది మైలు పొడవునా తీసిన సగటు. రెండు వేర్వేరు కొలతలను పక్కపక్కన పెట్టి ఏది పెద్దదని అడగడం న్యాయం కాదు. అంతర్జాతీయ రికార్డుకు గంటలోపు ఎదురు దిశలో కూడా పరిగెత్తి రెండింటి సగటు చూపాలి. బానవిల్‌లో జరిగే స్పీడ్ వీక్ అనే వేగపు పోటీలలో పద్ధతి వేరు, అర్హత సాధించిన కారును ఆవరణలో ఉంచి మర్నాడు ఉదయం మళ్లీ అదే దిశలో పరిగెత్తిస్తారు.

షార్లట్_వాసి:
సగటు అయినా గరిష్ఠం అయినా కారు ఆ వేగం అందుకుందా లేదా అన్నదే నా ప్రశ్న. అందుకుంది. ఇక కొలత పేర్ల మీద వాదులాట మీకే వదిలేస్తున్నాను.

కొలతల_పెట్టె:
పేర్లు కాదు. టాలడేగా బానవిల్ కంటే చాలా తక్కువ ఎత్తులో ఉంటుంది. రెండు చోట్లా గాలి వేరు, నేల వేరు, ఇంజన్లు కూడా 33 సంవత్సరాల ఎడంవి. పోల్చదలిస్తే ముందు అవన్నీ సరిచేయండి.

పాత_గ్యారేజీ:
పోలిక కావాలంటే చక్రాలతో నడిచే కార్లనే తీసుకోండి, జెట్ కార్లను పక్కన పెట్టండి, వాటిలో చక్రాలకు శక్తే వెళ్లదు. 1965లో సమ్మర్స్ సోదరుల గోల్డెన్‌రాడ్ నాలుగు క్రైస్లర్ హెమీ ఇంజన్లతో 409.277 మైళ్లు చేసింది. ఆ ఇంజన్ల మూలాలు స్టాక్ కార్ల ప్రపంచానివే, కానీ నాలుగింటినీ ఒకదాని వెనుక ఒకటి పేర్చడం వల్ల కారు సన్నగా, పొడుగ్గా వచ్చింది, గాలికి ఎదురయ్యే ముఖం చిన్నదైపోయింది. వేగం రెట్టింపు కావాలంటే శక్తి ఎనిమిది రెట్లు కావాలి కాబట్టి, ఉప్పునేల వాళ్లు ఇంజన్ మీద పెట్టినంత శ్రద్ధ ముఖం తగ్గించడం మీదా పెడతారు. స్టాక్ కారుకు ఆ దారి లేదు, అధికారులు కొలిచి మరీ దాని ఆకారాన్ని ఖాయం చేస్తారు. చల్లబరచడం కూడా అంతే. వందల మైళ్ల పందేనికి రేడియేటర్ తప్పదు, అది గాలిని అడ్డుకుంటుంది. కొన్ని నిమిషాల పరుగుకు ఉప్పునేల కారులో ఒక తొట్టెలో మంచునీళ్లు పోసుకుంటే చాలు, ముక్కు పూర్తిగా మూసేయవచ్చు.

ఉప్పు_దారి:
దీనికి తోడు టర్బో మాట. 2020లో 470.016 మైళ్ల రికార్డు చేసిన జార్జ్ పొటీట్ గారి స్పీడ్ డీమన్‌లో ఉన్నది టర్బో ఇంజన్. ఆ ఎత్తులో దాని శక్తి పెద్దగా పడిపోదు, పలచని గాలి వల్ల నిరోధం మాత్రం తగ్గుతుంది, అంటే రెండు వైపులా లాభమే. స్టాక్ కారు ఇంజన్‌కు అక్కడ ఆ లాభం చిక్కదు.

చివరి_బెంచీ:
కొలతల పెట్టె గారు చెప్పినట్లు 500ను 400 చేసి, అందులో 10 శాతం తీసేసి 360 వేశాను. పాత గ్యారేజీ గారి మాట ప్రకారం ఉప్పు మీద దొర్లడానికి 470 న్యూటన్లు కలిపాను. ఇప్పుడు 339 వచ్చింది. జారుడు ఇంకా కలపలేదు, కలిపితే ఇంకా తగ్గుతుంది, అయినా రికార్డు 349 ఉంది. అంటే గుణకం 0.35 కంటే తక్కువ ఉండాలా?

కొలతల_పెట్టె:
ఉండాలి. ఆ కారు ముక్కు, రెక్క చూసి కూడా 0.35 ఎలా వేశారు? ఇంజన్ కూడా మార్చాలి అని పైన చెప్పాను.

షార్లట్_వాసి:
తమ్ముడూ, ఆ ముక్కు సంగతి నేను చెబుతాను. 1970 మార్చిలో టాలడేగాలో బడ్డీ బేకర్ మొదటిసారి గంటకు 200 మైళ్ల సగటు దాటి చుట్టు పూర్తి చేసింది ఆ ముక్కుతోనే. అక్కడ రెండు కార్లు ఒకదాని వెనుక ఒకటి అతుక్కుని నడిస్తే రెండూ వేగం పుంజుకుంటాయి, ఒంటరి పరుగులో అది ఉండదు. దాని గురించి వేరే చర్చ మొదలుపెడదామా?

చివరి_బెంచీ:
సరే అన్నా, తరువాత చూద్దాం. గుణకం మార్చి, ఇంజన్ మార్చి చూస్తాను. అందరికీ థాంక్స్, ప్రింట్ తీసుకోవాలి.

పాత_గ్యారేజీ:
ప్రింట్ తీసే ముందు గేరు నిష్పత్తి, టైరు చుట్టుకొలత కూడా వేసి చూడండి. ఎంత శక్తి ఉన్నా ఇంజన్ తిరిగే గరిష్ఠ వేగం దగ్గర కారు ఆగిపోతే ఆ లెక్కంతా మళ్లీ మొదటికి వస్తుంది. వేశారా?